500లో 347 అని రాసున్న బిళ్ళగారికి

బిళ్ళగారూ,

నమస్కారం. మీకు నేనెవరో తెలీదు, మిమ్మల్ని నేను ఫోటోల్లో తప్ప చూడలేదు. ఇన్నే చేస్తాం అని చెప్పి అమ్మే లిమిటెడ్ ఎడిషన్ కార్లలో, ఇది ఎన్నో కారో చెబుతూ, గేర్ పక్కన రెండు బుల్లి స్క్రూలతో బిగించి ఉంటారు, బొటనవేలంత కూడా ఉండరు, కానీ కారు అమ్మకానికి పెట్టినప్పుడు ఇంజన్ ఫోటో ఒకటుంటే మీ ఫోటోలు మూడుంటాయి. రాత్రి నిద్రపట్టక అవి చూస్తూ కూర్చోడం నా అలవాటు. కొనే స్తోమత ఎలాగూ లేదు కాబట్టి మొహమాటం లేకుండా అడిగేస్తున్నా.

"ఇది కారు కాదు, ఇన్వెస్ట్‌మెంట్, రేటు పడే సమస్యే లేదు" అనే కదండీ మీరు చెప్పించేది? మీ తరఫు వాళ్ళెవర్ని కదిపినా ముందు ఫెరారీ 250 జీటీవో పేరు ఎత్తుతారు. నిజమే, ముప్పై ఆరే చేశారంటారు, 2018లో ఒకటి 48.4 మిలియన్ డాలర్లకి పోయింది, 2023లో ఇంకోటి 51.7 మిలియన్లకి. ఏనుగు బతికినా వెయ్యే చచ్చినా వెయ్యే, సరే. కానీ అది రేసుల కోసం పుట్టింది, గెలిచింది, తర్వాత పాతబడిపోయి కొన్నాళ్ళు మామూలు సెకండ్ హ్యాండ్ కారులాగే కొన్ని వేల డాలర్లకి చేతులు మారింది. అప్పుడు కొన్నవాడికి కోట్లొస్తాయని ఏ బిళ్ళా మాటివ్వలేదు.

మీ మాటల సంగతికొద్దాం. ఫెరారీదే ఎఫ్40 అనే కారు నాలుగొందలే చేస్తాం అన్నారు, జనం ఎగబడ్డారు, చివరికి 1,300 దాటించారు. లిమిటెడ్‌లో లిమిట్, నేతిబీరకాయలో నెయ్యి!

అందరికంటే నాకు జాలేసేది జాగ్వార్ ఎక్స్‌జే220 బుక్ చేసినవాళ్ళ మీద. 1988లో షోలో చూపించినప్పుడు వి12, అంటే పన్నెండు సిలిండర్ల ఇంజన్, నాలుగు చక్రాలకీ పవర్, చూసినవాళ్ళు 50,000 పౌండ్లు అడ్వాన్స్ కట్టి క్యూలో నిలబడ్డారు, చేస్తామన్నవి 350, నిలబడినవాళ్ళు పదిహేనొందల మంది దాకా. 1992లో కారొచ్చింది. వి12 తూచ్, వి6 టర్బో అన్నారు. నాలుగు చక్రాలు తూచ్, వెనక రెండే అన్నారు. రేటు మాత్రం 290,000 పౌండ్ల నుంచి 470,000కి పెరిగింది, ఈలోగా మార్కెట్ పడుకుంది, ఇంకేముంది, కారు కోసం క్యూ కట్టినవాళ్ళే కారు వద్దని కోర్టులో క్యూ కట్టారు, కొందరైతే ఎదురు డబ్బులిచ్చి మరీ తప్పించుకున్నారు. చివరికి 350 కూడా చెయ్యలేదు, మూడొందల లోపే. అంటే చెప్పినదానికన్నా ఎక్కువ లిమిటెడ్ అయ్యింది, అయినా ఏళ్ళ తరబడి రేటు లేవలేదు. ఏమంటారు బిళ్ళగారూ?

పోర్షే 911 ఆర్ ఇంకో కథ. 2016లో సరిగ్గా 991 కార్లు, చేత్తో గేర్లు మార్చే మాన్యువల్ గేర్‌బాక్సే దాని గొప్ప, అమెరికాలో కొత్తది 184,900 డాలర్లు, రోడ్డెక్కకముందే దానికి కొన్ని రెట్లు అడిగారు. మరుసటి ఏడాది అదే కంపెనీ జీటీ3 అనే తన ఇంకో మోడల్లోనూ మాన్యువల్ పెట్టి ఎవరు కావాలన్నా తీసుకోండి అంది. పెద్ద రేటుకి కొన్నవాళ్ళ మొహాలు మీరే ఊహించుకోండి. గుట్టు విప్పింది పక్క కంపెనీ కూడా కాదు, కన్నతల్లే.

పోనీ రేటు పెరిగినప్పుడు అమ్ముకుందామంటే అదీ మనిష్టం కాదు. ఫోర్డ్ జీటీ కొన్నవాళ్ళ చేత రెండేళ్ళు అమ్మనని సంతకం పెట్టించుకున్నారు, రెజ్లర్ జాన్ సీనా ముందే అమ్మేస్తే 2017లో కేసు వేశారు (ఆయన రింగులో ఎంతమందిని పడేశాడో, ఇక్కడ రాజీకొచ్చాడు). నా డబ్బుతో నేను కొన్న కారు అమ్ముకోడానికి షోరూమ్ వాడి పర్మిషన్ ఏంటండీ.

ఇక మెక్‌లారెన్ ఎఫ్1. మూడొందలు చేద్దామనుకున్నారు, కొనేవాళ్ళు లేక 106 దగ్గర ఆగింది, అదీ నిజాయితీగా లిమిటెడ్ అయిన కారే. 1995 నాటిది ఒకటి 2021లో వేలంలో 20 మిలియన్ డాలర్లు దాటింది. తిరిగింది ఎంతా? నాలుగొందల కిలోమీటర్లు కూడా లేదు. ఇరవయ్యారేళ్ళకి లెక్కేస్తే ఏడాదికి పదిహేను! గంటకి 380 కిలోమీటర్లు దాటగలిగే కారండీ అది, నేను కూరగాయలకి వారంలో ఆ పదిహేను కన్నా ఎక్కువ తిరుగుతా.

అసలు మెలిక ఇక్కడే ఉంది. రేటు నిలవాలంటే నడపకూడదు. నడపకపోతే ఊరుకుంటుందా? బ్యాటరీకి రాత్రీపగలూ ఛార్జర్ తగిలించాలి, ట్యాంకులో పెట్రోలు పాడవుతుంది, టైరు పక్కన చెక్కిన నాలుగంకెలు, అంటే ఏ వారం ఏ ఏడాది చేశారో చెప్పేవి, చదివితే గుండె గుభేలుమంటుంది, గాడి కూడా అరగని టైర్లు రాయిలా గట్టిపడి మార్చాల్సొస్తుంది. ఇన్సూరెన్సు, షెడ్డు అద్దె, వేలం వాడి కమిషన్, ఇవేవీ ఆ "రేటు డబుల్ అయ్యింది" వార్తల్లో రావు. సీటు మీద ప్లాస్టిక్ కవరు మాత్రం తియ్యరు, తీస్తే కిలోమీటర్లు తిరగడం కన్నా పెద్ద పాపం.

ఇంతకీ మీ తమ్ముడు 348 సంగతి తెలుసా? నిన్న రాత్రి మళ్ళీ కనబడ్డాడు. రేటు రాయలేదు, "ధర కోసం కాల్ చేయండి" అని పెట్టారు. మూడు నెలలుగా అదే ఫోటో, అదే కవరు, కింద కిలోమీటర్లు మాత్రం పదకొండు నుంచి పన్నెండయ్యాయి. ఎవరో ట్రయల్ చూసి వెళ్ళిపోయినట్టున్నారు.

ఇట్లు,
కొనలేనివాడు