మచ్చ కనిపించే దాకా ఆగితే

చేప ఒంటి మీద ఉప్పుకల్లు చల్లినట్టు తెల్లటి చుక్కలు కనిపించాకే చాలామంది మందు కోసం పరుగెత్తుతారు. అప్పటికే పరాన్నజీవి ఒక తరం ముగించబోతూ ఉంటుంది. ఇక్‌తియోఫ్తిరియస్ అనే ఈ ఏకకణ జీవి చర్మం పైపొర కింద దూరి, తిని పెరిగి, కంటికి ఆనేంత అయ్యాక చేపను వదిలి అడుగుకు చేరుతుంది. అక్కడ గట్టి పొర కట్టుకుని ఒక్కటే వందలుగా చీలుతుంది. నీరు 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే ఈ చక్రమంతా వారంలోపే తిరిగిపోతుంది. చల్లటి నీటిలో వారాలు పడుతుంది. చర్మం కింద ఉన్నదానికి, పొరలో ఉన్నదానికి మందు అంటదు. చేపను వెతుక్కుంటూ ఈదే పిల్లలకే అంటుతుంది. ఒక్క విడత మందు వేసి ఊరుకుంటే జబ్బు తిరగబెట్టేది ఇందుకే.

చెరువైనా గాజు తొట్టె అయినా, జబ్బును చచ్చిన చేపల లెక్కతో కొలిచే అలవాటు పోవాలి. చేప నడవడి చాలా ముందే చెబుతుంది. మేత దగ్గరికి వచ్చి తినకుండా వెనుదిరగడం, గట్టుకో రాయికో ఒళ్లు రాసుకుంటూ పక్కకు మెరవడం, రెక్కలు ఒంటికి ముడుచుకోవడం, నీరు వచ్చే తూము దగ్గర గుంపు కట్టడం తొలి గుర్తులు. తెల్లవారుజామున పైకొచ్చి నోరు తెరిస్తే ఆక్సిజన్ లోటని అనుకుంటాం. చాలాసార్లు అది నిజమే. కానీ ఆక్సిజన్ మీటరు లీటరుకు 5 మిల్లీగ్రాములకు పైనే చూపిస్తున్నా, నీటిలో చేరే విషాలైన అమోనియా, నైట్రైట్ సరిగ్గానే ఉన్నా, పొద్దెక్కాక కూడా నోరు తెరుస్తూనే ఉంటే మొప్పలు చూడాల్సిందే.

చూడటానికి మామూలు మైక్రోస్కోపు, స్లైడ్లు, వాటి మీద కప్పే పలుచని కవర్ స్లిప్పులు చాలు. చేపను తడి చేతులతో పట్టి, రొమ్ము రెక్క వెనుక నుంచి తోక వైపుకు, పొలుసు వాలు వెంటే, కవర్ స్లిప్ అంచుతో మెల్లగా గీకాలి. వచ్చిన జిగురును అదే చెరువు నీటి చుక్కలో పరచాలి. కుళాయి నీరు వద్దు. అందులోని క్లోరిన్‌కు ఏకకణ జీవులు చచ్చిపోతాయి. కదలని జీవిని జిగురులోంచి పోల్చుకోవడం అనుభవం ఉన్నవారికే కష్టం. మొప్ప పోగుల కొసలు రెండు మూడు కత్తిరించి మరో స్లైడు మీద పెట్టాలి. వెలుతురు తగ్గించి 40 రెట్లతో మొదలుపెట్టి 100కు, అవసరమైతే 400కు వెళ్లాలి.

గుర్రపు నాడా ఆకారపు కేంద్రకంతో నెమ్మదిగా దొర్లేది తెల్లమచ్చ జీవి. సాసరులా గుండ్రంగా, లోపల పళ్ల చక్రంతో గిర్రున తిరిగేది ట్రైకోడైనా. మొప్పల మీద నాలుగు నల్ల కంటిచుక్కలతో సాగుతూ ముడుచుకునే పురుగు డాక్టిలోగైరస్. కంటిచుక్కలు లేకుండా, కడుపులో కొక్కేలతో సహా పిల్ల కనబడితే గైరోడాక్టిలస్. ఈ తేడా మందు దగ్గర అక్కరకొస్తుంది: డాక్టిలోగైరస్ గుడ్లు పెడుతుంది, మందుకు గుడ్లు చావవు, అవి పొదిగాక మళ్లీ వేయాలి. గైరోడాక్టిలస్ నేరుగా పిల్లల్నే కంటుంది.

పరీక్ష చేసినా తప్పుదారి పట్టే చోట్లు ఉన్నాయి. చేప చచ్చిన కొద్దిసేపటికే చాలా పరాన్నజీవులు దాన్ని వదిలేస్తాయి. అందుకే నిన్న చచ్చిన చేపను మంచులో పెట్టి పంపితే 'ఏమీ లేదు' అనే జవాబు వస్తుంది, రైతు దాన్ని నమ్ముతాడు. బలహీనంగా తిరుగుతున్న చేపను బతికుండగానే, దాని నీటితో తీసుకెళ్లాలి. సంఖ్య కూడా ముఖ్యమే. పెద్ద చెరువులో నూటికి 5 చేపలకు సోకిన జబ్బును 95 శాతం నమ్మకంతో పట్టాలంటే ఎంపిక లేకుండా దాదాపు 60 చేపల్ని చూడాలి. ఆరోగ్యంగా కనిపించే అయిదింటిని చూసి ధీమా పడటం తగదు. అలాగని ఒకటి రెండు ట్రైకోడైనాలు కనిపించగానే మందు పోయడమూ తగదు. అవి విపరీతంగా పెరిగితే చేపల రద్దీ, కుళ్లిన మేత, అడుగు బురద సంగతి చూడాలి. పరాన్నజీవుల్ని చంపే ఫార్మాలిన్‌ను గుడ్డిగా పోస్తే నీటిలో ఆక్సిజన్ పడిపోయి, మొప్పలు దెబ్బతిన్న చేపలే ముందు చస్తాయి.

చేపపిల్లల్ని, రంగు చేపల్ని అమ్మేవారు మొప్పల పరీక్ష చేయకుండా ఏ గుంపునూ బయటకు పంపకూడదని మేం కోరుతున్నాం. కొన్నవారు నెల రోజులు వేరే నీటిలో, వేరే వలతో, వేరే బకెట్టుతో ఉంచాలి. ఆ నెలలో వారానికోసారైనా జిగురు చూడాలి. పెంపకందార్ల సంఘాలు ఉమ్మడిగా ఒక మైక్రోస్కోపు కొని, ఇద్దరికి తర్ఫీదు ఇప్పించాలి. చూసిన ప్రతిసారీ తేదీ, నీటి వేడిమి, ఎన్ని చేపల్ని చూశారు, మైక్రోస్కోపులో ఒక్క చూపుకు ఎన్ని జీవులు కనిపించాయి అన్నవి పుస్తకంలో రాసిపెట్టాలి. పోయిన వారం రెండు, ఈ వారం ఇరవై అని తేలితే, చేప ఇంకా మేత తింటున్నా సరే, మందు మొదలుపెట్టాల్సిన రోజు అదే.