ఆఖరి పడవ ఆపేస్తే?
ప్రభుత్వం నడిపే ప్రయాణికుల పడవలు టికెట్ డబ్బుతోనే నిలదొక్కుకోవాలని మీ వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. ఆరేళ్లు కేరళలోని అలప్పుళలో ఉన్నాను. అక్కడ కాలువలు, కాయళ్ల మధ్య ఉండే కుట్టనాడు ప్రాంతంలో కొన్ని లంకలకు ఇప్పటికీ రోడ్డు లేదు. బడికైనా ఆసుపత్రికైనా కేరళ జలరవాణా శాఖ పడవే దిక్కు. మధ్యాహ్నం నలుగురే ఎక్కినా చుక్కాని పట్టే సరంగు, ఇంజిన్ చూసే డ్రైవరు, తాళ్లు కట్టే లస్కర్లు ఉండాల్సిందే. గుర్రపుడెక్క ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే పడవ ఆపి దాన్ని కోసి తీయాలి, ఆ అవస్థ చూస్తేనే తెలుస్తుంది. సిబ్బందిని తగ్గించలేం కాబట్టి, తగ్గించుకోగలిగింది డీజిల్ ఖర్చే. 2017లో కేరళలోనే వైక్కం–తవనక్కడవు రేవుల మధ్య మొదలైన 75 సీట్ల సోలార్ పడవ ‘ఆదిత్య’ అది చేసి చూపించింది. అలాంటివి కట్టించడానికి ముందుగా పెద్ద పెట్టుబడి కావాలి, అది ప్రభుత్వమే పెట్టాలి. నష్టమని సాయంత్రం ఆఖరి పడవ ఆపేస్తే ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలు ఇంటికెలా చేరతారో దయచేసి అదీ రాయండి.