సవరణ: జీఎం కార్లలో కార్‌ప్లే గురించి

‘అమెరికా కార్ల కంపెనీ జీఎం (జనరల్ మోటార్స్) తన కార్లలో కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో (ఫోన్‌లోని యాప్‌లను కారు తెరమీద చూపించే సదుపాయాలు) తీసేస్తోంది’ అని మొన్న రాసిన పోస్టు చూసి, అమెరికాలో ఉన్న మనవాళ్లు కొందరు టెన్షన్ పడ్డారు. ఇప్పటికే వాడుతున్న కారులోంచి కూడా పోతుందా అని అడిగారు. పోదు. 2023లో కంపెనీ ప్రకటించిన నిర్ణయం కొత్త ఎలక్ట్రిక్ మోడళ్లకే, 2024 షెవర్లే బ్లేజర్ ఈవీతో మొదలుపెట్టి. పెట్రోలు కార్లలోనూ ముందుముందు ఆపేస్తామని సీఈవో మేరీ బారా 2025లో చెప్పారు. అదీ రాబోయే మోడళ్ల మాటే. ఇండియాలో జీఎం 2017 చివర్లోనే అమ్మకాలు ఆపేసింది కాబట్టి ఇక్కడ కొత్త కారు కొనేవారికి ఈ గొడవ లేదు.

ఇవి లేని కొత్త కార్లలోనూ బ్లూటూత్‌లో కాల్స్, పాటలు ఎప్పటిలాగే వస్తాయి. ఫోన్‌తో పనిలేకుండా కారులోనే ఉండే గూగుల్ మ్యాప్స్‌కి బ్యాటరీ ఎంతుందో తెలుసు, దారిలో ఎక్కడ ఛార్జింగ్ పెట్టాలో అదే చెబుతుంది. ఇది నిజంగా మంచి సదుపాయం.

అయినా నా అభ్యంతరం అలాగే ఉంది. ఫోన్‌లో సేవ్ చేసుకున్న అడ్రసులు, సగం విన్న పాడ్‌కాస్ట్ కేబుల్ పెట్టగానే తెరమీదికి వచ్చేవి. ఇప్పుడు ఒక్కో యాప్‌లో మళ్లీ లాగిన్ కావాలి, అదీ కంపెనీ ఇచ్చిన యాప్‌లలోనే. రెండు పద్ధతులూ ఉంచి, ఎంపిక నడిపేవాళ్లకు వదిలేయాలి.