చెవి వంగితే వంశం

గొప్ప వంశాలకు మూలపురుషుడు ఉంటాడు. స్కాటిష్ ఫోల్డ్ పిల్లులకు మూలపుటమ్మ ఉంది. పేరు సూసీ, రంగు తెలుపు, నివాసం స్కాట్లాండులో కూపర్ ఆంగస్ దగ్గరి ఒక పశువుల కొట్టం. 1961లో విలియం రాస్ అనే గొర్రెల కాపరి కంట పడేనాటికి ఆమెకున్న ఘనత ఒక్కటే: చెవులు నిలబడక ముందుకు మడతపడ్డాయి. ఆమె కూతురు స్నూక్స్‌ను ఆయన పెంచుకున్నాడు. తర్వాతి తరాలకు బ్రిటిష్ షార్ట్‌హెయిర్ అనే మరో జాతి పిల్లులతో సంబంధాలు కుదిర్చారు. 1966కల్లా బ్రిటన్‌లో పిల్లుల వంశావళి రాసే జీసీసీఎఫ్ పుస్తకంలో పేరెక్కింది. కొట్టంలోంచి కులీనతకు అయిదేళ్లు! మనుషులకు ఇంత త్వరగా కుదరదు.

1971లో అదే సంస్థ నమోదు ఆపేసింది. మడత చెవుల్లో పురుగులు చేరతాయేమో, చెవుడు వస్తుందేమో అని బెంగ. పెద్దల చూపంతా చెవి మీదే ఉంది, రోగం ఎముకల్లో ఉంది. వంశం అమెరికాకు తరలింది. 1978లో అక్కడి పిల్లుల సంస్థ సీఎఫ్ఏ దాన్ని ఛాంపియన్ పోటీల్లో కూర్చోబెట్టింది.

చెవి ఎందుకు వంగుతుంది? టీఆర్‌పీవీ4 అనే జన్యువులో మార్పు వల్ల మృదులాస్థికి, అంటే మెత్తటి ఎముకకు, బిగువుండదు. 2016లో ఈ సంగతి తేలింది. ఈ మృదులాస్థి చెవిలోనే ఉంటే అందరం చప్పట్లు కొట్టవచ్చు. కానీ కీళ్లలో, తోకలో, పంజాల్లో కూడా అదే.

ఇక పెంపకందారుల శాస్త్రం. పిల్లలన్నీ నిటారు చెవులతోనే పుడతాయి. మూడో వారం నాటికి మడత మొదలవుతుంది. అందాకా యజమానికి నిద్ర ఉండదు. మడత చెవుల పిల్లిని నిలువు చెవుల పిల్లితో కలిపితే సగటున సగం పిల్లలకే మడత వస్తుంది. మిగతా సగం తప్పినట్టు లెక్క, ధర తక్కువ. అయితే మార్పు చెందిన ఈ జన్యువు ఒక్క ప్రతి (నకలు) ఉన్నా చెవి వంగుతుంది కాబట్టి, నిలువు చెవుల వాటికి అది లేనట్టే, ఎముకల బాధా లేనట్టే. అంటే పరీక్ష తప్పినవే ఆరోగ్యంగా బతుకుతాయి. నెగ్గినవాటికి బహుమతి కీళ్లవాతం.

మడతకు మడతను జత చేసే మేధావులూ ఉన్నారు. నాలుగో వంతు పిల్లలకు రెండు ప్రతులూ అందుతాయి. నెలల్లోనే తోక పొట్టిగా, మందంగా బిగుసుకుంటుంది, కాళ్లు వంకరపోతాయి. ఒక్క ప్రతి ఉన్నవాటికీ మినహాయింపు లేదు, తీవ్రతలోనే తేడా.

కొనేవారు తోక కింద చెయ్యి పెట్టి మొదటి నుంచి కొస దాకా మెల్లగా లేపి చూడాలి, బలవంతంగా వంచకూడదు. ఎక్కడైనా బిగిసిందా, నడక కొయ్యలా బిగిసి ఉందా, సోఫా ఎక్కడానికి జంకుతోందా, గమనించాలి. తోక మెత్తగా ఉంటే నిశ్చింత అనుకోనక్కర్లేదు. వెనక మడమ కీళ్లకు ఎక్స్‌రే తీయిస్తే అసలు బండారం తెలుస్తుంది. మందులు నొప్పిని తగ్గిస్తాయి, రోగాన్ని కాదు. కాళ్లు చాపి బుద్ధుడిలా కూర్చున్న ఫోటోకు లైకులు కొట్టేవారికి ఒక మనవి: కీళ్లు పట్టేసిన పిల్లికి వేరే ఆసనం కుదరకపోవచ్చు.

నెదర్లాండ్స్ 2014లో ఈ జాతి పెంపకాన్ని నిషేధించింది. పాపం, వాళ్లకు సౌందర్యదృష్టి తక్కువ.