మడమ తిరిగింది, బూటు తిరగలేదు

మా వంశంలో పంచుకోవడానికి ఆస్తులేమీ మిగల్లేదు గానీ, పాదాలు మాత్రం అందరికీ సమానంగా వచ్చాయి. మా తాత జన్మలో చెప్పులు తొడగలేదు. వరిగట్ల మీద ఉత్తికాళ్లతో నడిచి నడిచి ఆయన పాదాలు చేటల్లా పరుచుకున్నాయని మామ్మ చెప్పేది. ఆయనంటే నడిచాడు. నేను నడిచింది ఇంటి నుంచి ఆఫీసుకి, అదీ ఎండ లేనప్పుడు. అయినా పాదాలు ఆయనవే వచ్చాయి.

ఈ సంగతి మొదటిసారి నలుగురిలో బయటపడింది నా పెళ్లిలో. కాళ్లు కడగడానికి మా మామగారు వెండిపళ్లెం పెట్టారు. మూడు తరాలుగా ఆ ఇంటి అల్లుళ్ల కాళ్లన్నీ కడిగిన పళ్లెం. నావి రెండూ అందులో పట్టలేదు. పంతులుగారు ఒక్క క్షణం ఆలోచించి, "ఒక్కొక్కటిగా కానివ్వండి" అన్నారు. కుడికాలు కడిగి, తుడిచి, దించి, ఎడమకాలు ఎక్కించేసరికి మామగారికి నడుం పట్టేసింది. ఫోటోలో ఆయన ముఖం చూసి అందరూ కూతుర్ని పంపిస్తున్న బాధ అనుకుంటారు.

ఇక సైకిలు సంగతి. మా బామ్మర్ది విశాఖలో ఉంటాడు. గేర్ల సైకిలు కొని బీచ్ రోడ్డులో నాలుగుసార్లు తొక్కి, "నీకు కాబట్టి ఇస్తున్నా బావా" అంటూ నాకు తొమ్మిది వేలకి అంటగట్టాడు. ఆ సైకిలుకి అగ్గిపెట్టెలంత పెడళ్లు. వాటి మీద నా హవాయి చెప్పు పెడితే పీట మీద పనసకాయ పెట్టినట్టుంది. శ్రీకాకుళంలో తెల్లవారుజామున కోడి రామ్మూర్తి స్టేడియం దగ్గర చేరే ఒక సైకిలు బృందం ఉంది. మొదటిరోజే నా చెప్పు రెండుసార్లు జారి రోడ్డు మీద పడింది. రెండోసారి దాన్ని ఒక కుక్క ఎత్తుకుపోయింది.

బృందంలో ఇంజినీరింగ్ చదివే కుర్రాడొకడున్నాడు. "అంకుల్, ఇవి క్లిప్‌లెస్ పెడళ్లు. వీటికి వేరే బూట్లుంటాయి. అడుగున ఉండే ఇనపముక్కని క్లీట్ అంటారు, అది పెడల్‌లో టక్కున బిగుసుకుంటుంది" అన్నాడు.

"క్లిప్పు లేనిదని పేరు పెట్టి మళ్లీ బిగుసుకోవడమేంటి బాబూ?"

పాతరోజుల్లో పందెం సైకిళ్ల పెడళ్లకి వేళ్ల ముందు పంజరంలాంటి క్లిప్పు, తోలుపట్టీ ఉండేవట. అది పోయింది కాబట్టి క్లిప్‌లెస్ అట. ఫ్రాన్సులో మంచుమీద జారే ఆటకి బిగింపులు తయారుచేసే లుక్ అనే కంపెనీ 1984లో ఆ కిటుకునే సైకిలుకి తెచ్చిందట. మరుసటి ఏడాది బెర్నార్ ఇనో అనే ఆయన ఆ పెడళ్లతోనే టూర్ ద ఫ్రాన్స్ అనే పెద్ద సైకిలు పందెం గెలిచాడట.

"ఆ మంచు బిగింపులు మనిషి పడగానే వాటంతటవే ఊడిపోతాయి అంకుల్."

"ఇవి కూడానా?"

"ఇవి పడకముందే మనం ఊడదీసుకోవాలి. మడమ బయటికి తిప్పితే చాలు."

ఈ ఆఖరి వాక్యం నేను సరిగ్గా వినలేదు. టూర్ ద ఫ్రాన్స్ దగ్గరే ఆగిపోయాను.

ఇంట్లో బడ్జెట్ మూడు వేలకి ఆమోదం దొరికింది. అంత తేలిగ్గా ఎందుకు దొరికిందో తర్వాత తెలిసింది. పొద్దున్నే ఆరు నుంచి ఏడున్నర దాకా నేను వంటింట్లో నిలబడి సలహాలు ఇవ్వకుండా ఉండడానికి మూడు వేలు పెద్ద ఖర్చేం కాదని మా ఆవిడ లెక్క వేసుకుందట.

మా అమ్మాయి కొలతలు తీసింది. పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది కాబట్టి సాయంత్రమే కొలవాలంది. పోయినేడాది క్యాలెండరు కాగితం తిరగేసి నేల మీద పరిచి, మడమ గోడకి ఆనించి నిలబెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసింది. పొడుగు 26 సెంటీమీటర్లు. వెడల్పు 11.

"నాన్నా, ఇది పాదంలా లేదు, ఏదో జిల్లా మ్యాప్‌లా ఉంది."

నేను చిన్నబుచ్చుకున్నానని గ్రహించి ఫోనులో ఏదో వెతికి చదివింది. చెన్నైలో ఉన్న కేంద్ర తోలు పరిశోధన సంస్థవాళ్లు దేశమంతా లక్షకి పైగా మంది పాదాలు కొలిచారట. పరాయి దేశాల కొలతలతో వచ్చే బూట్లు మనవాళ్లకి పట్టడం లేదని, మన పాదాలు వాళ్లకంటే వెడల్పని తేల్చారట. మనకంటూ 'భ' అని కొత్త సైజుల పద్ధతే తయారుచేశారట. నాకు ఎంత ఊరటగా అనిపించిందో! ఇన్నాళ్లూ ఇది మా తాత పొరపాటనుకున్నాను, దేశ సమస్యన్నమాట. మా ఆవిడ మాత్రం "ఆ లక్షమందిలో మీరు ఉండి ఉంటే సగటు ఇంకాస్త పెరిగేది" అంది.

బూట్ల కంపెనీలు మాత్రం 'భ'ని ఇంకా పట్టించుకున్నట్టు లేదు. వెడల్పు పాదాలకని ప్రత్యేకంగా చేసేవి ఉన్నాయి గానీ, ధర చూస్తే బూట్లకి సైకిలు ఉచితమేమో అనిపించింది. నా బడ్జెట్‌లో ఉన్నవాటన్నిటికీ పట్టికలో పొడుగు ఒక్కటే ఇచ్చారు. పొడుగుని బట్టి 42 తెప్పించాను. పాదం గుమ్మం దగ్గరే ఆగిపోయింది. బొటనవేలు, దాని పక్కది లోపలికెళ్లాయి, చిటికెనవేలు బయటే నిలబడిపోయింది, బంధువులింటికి వెళ్లి చెప్పులు కాపలా కాసేవాడిలాగ. వాపసు పంపించాను.

జీటీ రోడ్డులో ఒక కొట్టువాడు 43 తీశాడు. లేసులు కట్టేది, అడుగు మందం, క్లీట్ లోపలికి అణిగి, రెండు మరమేకులతో బిగించే రకం. నా పెడళ్లకి కావలసింది అదే. ధర 2,800. పాదం వెళ్లింది గానీ పక్కల నుంచి పట్టకారుతో పట్టినట్టుంది.

"సాగుతాది సార్, నాలుగు రోజులు తొడిగితే" అన్నాడు కొట్టు కుర్రాడు.

బూట్ల కొట్టులో పుట్టిన అబద్ధాలన్నిట్లోకీ ఇది పెద్దది. తోలైతే సాగుతుంది, కాదనను. ఇది ప్లాస్టిక్ గుడ్డ. సాగేది మనమే. ఆ మాట వాడితో అంటే మారుమాటాడకుండా 44 తీశాడు. ఆహా! పాదం హాయిగా పట్టింది. ముందు మాత్రం రెండు వేళ్లంత ఖాళీ. ఈ యూరప్ సైజుల్లో ఒక్కో నంబరుకీ సెంటీమీటరులో మూడింట రెండు వంతులు పెరుగుతుంది. 42 నుంచి 44కి వచ్చేసరికి పొడుగు 13 మిల్లీమీటర్లు పెరిగింది, వెడల్పు పెరిగింది అందులో ఏపాటి? జీతం పెంచమంటే పనిగంటలు పెంచినట్టు. మడమ లోపల అటూ ఇటూ ఆడుతోంది కూడా. "మందం సాక్సు ఏసుకోండి సార్" అన్నాడు. వేసుకుంటే వెడల్పు మళ్లీ చాలదు కదా అన్న ఆలోచన ఇంటికొచ్చాక వచ్చింది.

ఆ 44 కొన్నాక బస్సు కాంప్లెక్స్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకి చూపించాను. అటూ ఇటూ నొక్కి చూసి, "43 కొని, ముందువైపు రెండు కన్నాలొదిలీసి ఆ పైనుంచి లేసు కడితే మీ కాలుకి సరిపోను బాబూ" అన్నాడు. ముందుగా ఈయన దగ్గరికి ఎందుకు రాలేదు? ఎందుకంటే ఈయన టూర్ ద ఫ్రాన్స్ గురించి చెప్పలేదు.

రెండు రోజులు పెరట్లో గోడ పట్టుకుని బిగించడం, ఊడదీయడం సాధన చేశాను. గోడ ఉన్నంతసేపూ అంతా బాగానే జరిగింది.

ఆదివారం శ్రీకూర్మం దాకా అన్నారు. ఆ పేరు వినగానే కొంచెం అసూయ కలిగింది. కూర్మానికి సైజు సమస్య ఉండదు, డిప్ప ఒంటితోపాటే పెరుగుతుంది. ముందు అరసవల్లి సూర్యనారాయణ స్వామికి బయటి నుంచే దండం పెట్టుకుందామన్నారు. ఏటా మార్చిలో, అక్టోబరులో ఉదయపు కిరణాలు నేరుగా వచ్చి ఆ స్వామి పాదాలను తాకుతాయి. నా పాదాలను ఏవేవి తాకబోతున్నాయో అప్పటికి నాకు తెలీదు.

ఏడు రోడ్ల కూడలి. పేరులోనే ఉంది కదా, ఏ రోడ్డు నుంచి ఏది వస్తుందో ఎవరికీ తెలీదు. ఆరోజు ఒక ఆవు వచ్చింది. వచ్చి, నడిమధ్యన నిలబడి, ఎటు వెళ్దామా అని ఆలోచనలో పడింది. బ్రేకు వేశాను. మడమ బయటికి తిప్పాను. తిరిగింది! మడమ తిరిగింది, బూటు తిరగలేదు. ఆ 13 మిల్లీమీటర్ల ఖాళీలో నా మడమ సావకాశంగా ఒక చుట్టు తిరిగొచ్చింది. బూటు పెడల్‌ని వదల్లేదు. ఇంకో కాలు ప్రయత్నిద్దామనుకునేలోగా సైకిలు ఆగిపోయింది.

ఆగిన సైకిలు మీద మనిషి వెంటనే పడడు. అది జనానికి తెలియని విషయం. ఒక క్షణం నిటారుగా ఉంటాడు. చుట్టూ చూస్తాడు. ఎదురుగా టీ కొట్టు దగ్గర గ్లాసు నోటిదాకా తెచ్చి ఆపేసిన పెద్దమనిషితో చూపులు కలుస్తాయి. ఇద్దరికీ జరగబోయేది తెలుసు. ఇద్దరూ చేయగలిగింది ఏమీ లేదు. తర్వాత తాటిచెట్టు కూలినట్టు, మెల్లగా, ఒక పక్కకి. నేను ఎడమపక్కకి. అక్కడ గోనె పరుచుకుని కొత్తిమీర కట్టలు పేరుస్తున్న ముసలమ్మ ఉంది.

మెత్తగానే పడ్డాను. సువాసన కూడా బాగుంది.

"ఓలమ్మో! ఏటి బాబూ ఇది! కాళ్లు సైకిలికి కట్టీసినారు! ఎవులు కట్టినారు బాబూ?"

నేనే కట్టుకున్నానని, దానికి 2,800 ఇచ్చానని చెప్పడానికి నోరు రాలేదు. ఈలోగా నలుగురు చేరారు. ఒకాయన సైకిలు లాగాడు, సైకిలుతోపాటు నేనూ వెళ్లాను. ఇంకొకాయన నన్ను లాగాడు, నాతోపాటు సైకిలు వచ్చింది. ఆవు కాస్త దగ్గరికొచ్చి కొత్తిమీర వాసన చూసింది.

"లేసులిప్పండర్రా!" అంది ముసలమ్మ. ఇంజినీరింగ్ కుర్రాడితో సహా ఎవరికీ తట్టని ఉపాయం. లేసులు విప్పితే పాదాలు బయటికొచ్చాయి. బూట్లు రావు కదా, అవి పెడళ్లకే ఉండిపోయాయి. ఏడు రోడ్ల మధ్య మా తాతలాగా ఉత్తికాళ్లతో నేను, పక్కనే మనిషి లేకపోయినా తొక్కడానికి సిద్ధంగా ఉన్న బూట్లతో సైకిలు. నా పాదాలు చూసి ముసలమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "ఈ కాళ్లకి బూట్లెందుకు బాబూ, అవే పడవల్లాగున్నాయి" అంది. వెక్కిరింత కాదు, మెచ్చుకోలే.

"పెడల్‌కి స్ప్రింగు బిగింపు మర ఉంటుంది అంకుల్, కొత్తలో దాన్ని వదులు చేసుకోవాలి" అన్నాడు కుర్రాడు. ఇది మొన్న చెప్పలేదేం బాబూ అంటే, చెప్పానంటాడు. చెప్పే ఉంటాడు.

నలిగిన కట్టలకి 120 రూపాయలు ఇచ్చి, అవే కట్టలు సంచిలో వేసుకుని ఇంటికొచ్చాను. "సైకిలు తొక్కడానికి వెళ్లి కొత్తిమీర తెచ్చారేంటి?" అంది మా ఆవిడ. మూడు రోజులు కొత్తిమీర పచ్చడే తిన్నాం. మోచేయి గీరుకుంది, అంతకంటే ఏం కాలేదు.

ఇప్పుడు పెడళ్లు మార్పించాను. మామూలు బల్లపరుపు రకం, పట్టు కోసం పైన చిన్న చిన్న మేకులుంటాయి, 700. మందం అడుగున్న కాన్వాసు బూట్లు ఒక జత, ముందువైపు కన్నాలు రెండు వదిలేసి లేసు కట్టుకుంటున్నాను. వేగం తగ్గలేదు. బృందంలో అప్పుడూ ఆఖరే, ఇప్పుడూ ఆఖరే. ఆ 44 జత మా బామ్మర్దికి సంక్రాంతికి పెట్టాను. వాడిది సన్నపాదం, లోపల దాగుడుమూతలు ఆడుకోవచ్చు. "నీకు కాబట్టి ఇస్తున్నా" అన్నాను.

ఏడు రోడ్ల దగ్గర ఇప్పుడు ఎన్ని ఆవులొచ్చినా రెండు కాళ్లూ ఠక్కున నేలమీద పెడుతున్నాను. ముసలమ్మకి మాత్రం నమ్మకం కుదరలేదు. నేను మలుపు తిరగడం కనిపిస్తే చాలు, గోనె చెంగులు రెండూ పట్టుకుని కొత్తిమీరతో సహా నాలుగడుగులు వెనక్కి జరుపుకుంటుంది. పక్కనున్న వంకాయల ఆమెని కూడా జరగమంటుంది.