సీజన్ సంక్రాంతికే మొదలవ్వాలి

మనం ఉంటున్న ఈ మంచు దేశంలో, మంచు కరిగిన మొదటి ఆదివారమే మన తెలుగు సైక్లింగ్ మిత్రులు చాలామంది నిరుటి వేగాన్ని అందుకోవాలని చూస్తారు. వారం తిరిగేసరికి మోకాలికి ఐస్ ప్యాక్ పెట్టుకుని సోఫాలో ఉంటారు. నా మట్టుకు నేను చెప్పేదేమిటంటే, పండక్కి ఇంటికి వెళ్ళినప్పుడే, గోదావరి డెల్టాలోనే సీజన్ మొదలుపెట్టండి.

కొన్ని వారాలు తొక్కడం మానేస్తే ముందుగా తగ్గేది రక్తంలో ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవ భాగం. అందుకే పాత వేగానికే గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. మళ్ళీ మొదలుపెడితే అది త్వరగానే సర్దుకుంటుంది. మోకాలి దగ్గరి టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీలు) మాత్రం అంత తొందరగా దారికి రావు. ఆయాసం తగ్గింది కదా అని గేరు పెంచేవాళ్ళు దెబ్బతినేది అక్కడే. కాబట్టి మొదట్లో పక్కవాళ్ళతో కబుర్లు చెప్పగలిగేంత నిదానంగా, తేలిక గేరులో, ఎక్కువసేపు తొక్కాలి.

దానికి మన డెల్టాను మించిన చోటు నాకు తెలియదు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాక సాగిన కాలువల గట్ల వెంటే ఇవాళ్టికీ చాలా దారులున్నాయి. అంతా చదునే, అదేం వ్యాయామం అంటారు కొందరు. దిగుడు లేని చోట పెడల్ ఆపితే బండి ఆగుతుందని వాళ్ళకు తట్టదు. బొబ్బర్లంక నుంచి ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకుల దాకా ఒక పొద్దున తొక్కి చూడండి, కాళ్ళకు తీరికే ఉండదు. పూతరేకులు కొనుక్కోవాలంటే కొనుక్కోండి, నేనేమీ అనను. శనివారం మాత్రం అటు వెళ్ళకండి. వాడపల్లి వెంకన్న దర్శనానికి వచ్చే బండ్లతో ఆ దారి కిక్కిరిసి ఉంటుంది.

కొండలు లేని లోటు గాలి తీరుస్తుంది. ఎండ ఎక్కాక సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది. వేగం రెట్టింపు చేయబోతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది, అందుకని ఎదురుగాలిలో మీటరు వైపు చూడకండి. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే ఎదురుగాలిలో వెళ్ళి, వాలుగాలికి తిరిగి రావాలి.

ఇక్కడి నుంచి కార్బన్ సైకిల్ మోసుకెళ్ళక్కర్లేదు, మావయ్యగారి సైకిల్ చాలు. కాకపోతే ఊళ్ళో సైకిళ్ళ సీటు చాలాసార్లు బాగా కిందకి ఉంటుంది, ఆ భారమంతా మోకాళ్ళ మీద పడుతుంది. పెడల్ అడుగుకు వెళ్ళినప్పుడు మోకాలు కొంచెమే వంగేలా సీటు ఎత్తించుకోండి. పొద్దున్నే పొగమంచు ఉంటుంది, వెనకాల లైటు తప్పనిసరి. లారీలు తిరిగే 216 హైవే జోలికి వెళ్ళకుండా లోపలి రోడ్లు పట్టుకోండి.

తిరిగొచ్చాక మంచు కురిసినన్నాళ్ళూ ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను కదలకుండా నిలిపి తొక్కే స్టాండు) మీద వారానికి రెండు మూడుసార్లు తేలిగ్గా తొక్కితే, అక్కడ సంపాదించుకున్నది చాలావరకు నిలుస్తుంది. గట్టి ఇంటర్వల్స్ (కాసేపు జోరుగా, కాసేపు నిదానంగా తొక్కడం), కొండలు, ఒకరితో ఒకరు పోటీలు ఏప్రిల్‌లో చూసుకోవచ్చు.