కమిటీ మీసం గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ మీసం గారికి,

విజయనగరం నుంచి ఒక ఆర్కెస్ట్రా కీబోర్డువాడు చేతులు కట్టుకుని రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని ఉంది గానీ, తమరి క్షేమం నిన్న మధ్యాహ్నం కళ్ళారా చూశాను. రెండు కొసలూ పైకి లేచి, కొత్త రంగుతో నిగనిగలాడుతున్నారు. మా క్షేమమే తమరి యజమాని, పండగ కమిటీ పెద్దమనిషి గారి జేబులో ఉండిపోయింది.

బ్యాలెన్స్ డబ్బుల కోసం వచ్చాను కదా, ఆయన భోంచేస్తున్నారన్నారు. తర్వాత కునుకు తీస్తున్నారన్నారు. ఆ తర్వాత ఎవరితోనో ఫోన్లో ఉన్నారన్నారు. అరుగు మీద కూర్చుంటే ఎండ పాదాల నుంచి మోకాళ్ళ దాకా పాకింది. చివరికి తమరు ముందూ, తమరి వెనక ఆయనా బయటికి దయచేశారు. "ఏటి బావూ, ఇంకా ఎల్లలేదేటి?" అన్నారు. అమ్మవారి పండగ ప్రోగ్రాంకి ఒప్పుకున్న దాంట్లో మిగతాది ఇప్పించండి అన్నాను. "సగం కోసేసినాం. ఆడంగోణ్ణి అట్టుకొచ్చి పాడించినావు గదా" అన్నారు. అనేసి తమరిని ఒక్కసారి మెలేశారు. లెక్క తేలిపోయింది. ఇంక రసీదు దేనికి?

ఆ రాత్రి తమరు స్టేజీకి ఎదురుగా, మొదటి వరసలో, సోఫాలోనే ఉన్నారు కాబట్టి జరిగింది మళ్ళీ చెప్పక్కర్లేదు. అయినా చెబుతాను, నాకు మండుతోంది కాబట్టి.

మా పాటగాడు పగలు సిమెంటు గోడౌన్లో హమాలీ. యాభై కిలోల బస్తా భుజానికెత్తుకుని లారీ ఎక్కిస్తాడు. రాత్రి మా ట్రూపులో పాడతాడు. మాస్ పాటకి బొంగురు గొంతు పెట్టాడంటే ఆక్టోప్యాడ్ వాయించేవాడు కూడా తల తిప్పి చూస్తాడు. డ్యూయెట్ వస్తే ఆడగొంతూ తనే అందుకుంటాడు, ఇంకో సింగరుకి ఇచ్చే డబ్బు మిగులుతుంది మాకు. స్టేజీ ఎక్కేటప్పుడు ఎర్ర శాటిన్ చొక్కా మీద చమ్కీలు, చెవులకి బుట్టలు, కళ్ళకి కాటుక. అదీ వాడి డ్రెస్సు. గణపతి పాట అయింది, అమ్మవారి పాట అయింది, మొదటి మాస్ పాట ఎత్తుకున్నాడు. తమరి యజమాని స్టేజీ ఎక్కి మైకు లాక్కున్నారు.

"ఏట్రా గుంటడా, ఆ కాటికేటి? ఆ సెవులకి బుట్టలేటి? మగోడివేనా? తుడుసుకుని రా, నేపోతే దిగిపో."

మైకు ఎకోలో ఉంది. మగోడివేనా, వేనా, వేనా అని ఊరి చివర చెరువుగట్టు దాకా వినిపించింది. నేను ఎకో తగ్గించే లోపే జనం నవ్వేశారు. మావాడు అరచేత్తో తుడుచుకున్నాడు. కాటుక పోలేదు, బుగ్గంతా పులుముకుంది. అలాగే పాట పూర్తి చేశాడు.

ఆ తర్వాత ఏ పాట అడిగారో గుర్తుందా? పుష్ప 2లో చీర కట్టిన హీరో జాతర పాట! ట్రాక్ పెట్టగానే తమరి యజమాని కండువా నడుముకి చుట్టుకుని, నాలుక బయటపెట్టి, కళ్ళు పెద్దవి చేసి ఆడారు. చప్పట్లే చప్పట్లు. మా మిక్సర్ దగ్గరి కుర్రాడు నా వైపు చూశాడు, నేను వాడి వైపు చూశాను. అంతే, మా వృత్తిలో అంతకంటే మాట్లాడకూడదు.

అరుగు మీద అంతసేపు కూర్చోవడంలో ఒక లాభం మాత్రం ఉంది. తమరిని దగ్గర నుంచి దర్శించుకున్నాను. పై పెదవి మీద చర్మానికి కూడా రంగు అంటుకుని ఉంది, కుడివైపు కాస్త ఎక్కువ. కొసలకి ఏదో మైనం రాసి తిప్పారు. మొదళ్ళలో తెల్లగా మొలుచుకొస్తోంది. ఆయన నాతో మాట్లాడుతూనే ఫోన్ కెమెరా తెరిచి, జేబులోంచి చిన్న దువ్వెన తీసి, తమరిని రెండుసార్లు దువ్వారు. రంగు, మైనం, దువ్వెన, అద్దం. మా ఇంట్లో ఆడవాళ్ళు దీన్ని మేకప్ అంటారు. మావాడి కాటుక కంటి కింద సన్నటి గీత. తమరేమో మొహం మధ్యలో ఈ చివర నుంచి ఆ చివరకి ఉన్నారు. సింగారం ఎవరిది ఎక్కువో టేపు పెట్టి కొలుద్దామంటే నేను రెడీ.

తమరి చట్టం నాకిప్పుడు అర్థమైంది. మగాడు చీర కట్టొచ్చు, గాజులు వేసుకోవచ్చు, బొట్టు పెట్టుకోవచ్చు, కానీ దానికి ముందు తగినంత మందిని చావబాది ఉండాలి. 2024 డిసెంబరులో వచ్చిన ఆ సినిమాలో హీరో ఒంటికి నీలం రంగు పూసుకుని, చీర కట్టి, మెళ్ళో నిమ్మకాయల దండ వేసుకుని ఊగితే హాలంతా ఈలలు. నేనూ వేశాను, బాగా చేశాడు మరి. అయితే ఆ వేషం పుట్టింది తిరుపతి గంగమ్మ జాతరలో. ఆడవాళ్ళని చెరుస్తున్న పాలెగాణ్ణి వెతికి వెతికి చంపిందట గంగమ్మ. మొక్కుకున్న మగాళ్ళు చీరలు కట్టి, పూలు పెట్టుకుని గుడికెళ్తారు. సినిమాలో పడ్డ ఫైటు అక్కడ ఎవరూ చెయ్యక్కర్లేదు. ఇంకో సంగతి, వాళ్ళలో చాలామంది తమరిని తీసెయ్యరు కూడా. చీర, పూలు, బొట్టు, మధ్యలో తమరు. ఆ ఫొటోల్లో ఎంత హాయిగా ఉంటారో ఒకసారి చూసుకోండి. మా స్టేజీ దగ్గరికొచ్చేసరికి తమరికి ఏం పోయేకాలం వచ్చింది?

పోనీ తిరుపతి దూరం. అదే పండగలో, అదే సాయంత్రం, గుడి ముందు తప్పెటగుళ్ళు ఆడించారు కదా. మోగుడే మోగుడు! కాళ్ళకి గజ్జెలు కట్టి, గుండెల మీద తప్పెట కట్టి, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి, మళ్ళీ దూకి, గొల్లభామ పాట పాడారు. ఒంట్లో ఎముకలున్నవాళ్ళు ఎవరూ చెయ్యలేని ఆట అది. "ఆ గజ్జెలేట్రా, మగోళ్ళేనా" అని ఒక్కరన్నా అడిగారా? తమరి యజమాని వాళ్ళతో సెల్ఫీ దిగారు. గజ్జెలు కాలికుంటే సంప్రదాయం, బుట్టలు చెవికుంటే సిగ్గుచేటా?

"ఇదంతా యూట్యూబులో సూసి సెడిపోడం" అని కూడా ఆయన సెలవిచ్చారు. యూట్యూబులో చూసిన మాట నిజమే. చూసింది తమరినే. క్వీన్ అనే ఇంగ్లీషు బృందంలో పాడిన ఫ్రెడ్డీ మెర్క్యురీ మన పార్శీల బిడ్డ. అసలు పేరు ఫరోఖ్ బల్సారా. జాంజిబార్‌లో పుట్టి, మహారాష్ట్రలోని పంచగనిలో బడికెళ్ళాడు. 1984లో ఒక పాట వీడియోలో విగ్గు పెట్టుకుని, నల్ల స్కర్టు వేసుకుని, ఇల్లు ఊడ్చే మిషన్ తోసుకుంటూ పాడాడు. గుబురు మీసం మాత్రం అలాగే ఉంచాడు. స్టేడియంలో వేలమంది చేత ఒక్క గొంతుతో చప్పట్లు కొట్టించిన మనిషి. మావాడు ఆ వీడియో చూపించినప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత గొంతు వింటుంటే నవ్వు ఆగిపోయింది.

కాటుక పెట్టిన ప్రతివాడూ ఉత్తముడని నేననడం లేదు లెండి. 1980ల్లో అమెరికాలో లాస్ ఏంజెలెస్ మెటల్ బ్యాండ్ల వాళ్ళు జుట్టుకి స్ప్రే కొట్టి, పెదాలకి రంగు పూసి, కళ్ళకి కాటుక పెట్టారు. పాటల్లో మాత్రం అమ్మాయిల్ని సరుకుగా చూసినవాళ్ళకి కొదవ లేదు. ఆడవాళ్ళ సింగారం తీసుకున్నంత తేలిగ్గా ఆడవాళ్ళ మాట తీసుకోరు. దానికి భిన్నంగా 2020లో ప్యూర్టో రికో గాయకుడు బ్యాడ్ బన్నీ, మన మాస్ బీటుకి వరసైన రెగెటోన్‌లో, నిలువునా ఆడవేషం వేసుకుని ఒక వీడియో చేశాడు. ఒంటరిగా డ్యాన్స్ చేసుకుంటున్న అమ్మాయి జోలికి వెళ్ళకండ్రా అని దాని సారాంశం. ఈ సంగతి ఎందుకు ఎత్తానో కింద తెలుస్తుంది.

మన ఊరి సంగతి చెప్పకపోతే తమరికి కోపం వస్తుంది. 1919లో విజయనగరంలో మహారాజా వారు సంగీత కళాశాల పెడితే మొదటి ప్రిన్సిపాల్ ఎవరు? అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు గారు. నిండైన విగ్రహం, మెళ్ళో పూలదండ, పట్టుపంచె, చేతిలో చిరతలు, కాళ్ళకి గజ్జెలు. హరికథలో పక్కవేషం ఉండదు. కృష్ణుడూ ఆయనే, సిగ్గుపడే రుక్మిణీ ఆయనే, మరుక్షణం రుక్మి మీద గర్జించేదీ ఆయనే. ఒక్క గొంతు, ఒక్క ఒళ్ళు. మావాడు డ్యూయెట్లో చేసేది అదే పని, కాస్త చిన్న సైజులో. ఆ రోజుల్లో తమరి యజమాని కమిటీలో ఉంటే దాసుగారి గజ్జెలు విప్పించి సగం సంభావన కోసేసేవారు.

బలం అంటారా, ఏనుగుని గుండెల మీద ఎక్కించుకున్న కోడి రామమూర్తి నాయుడు మన వీరఘట్టం మనిషి, శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే. ఆ బలం మీసం మెలేస్తే వచ్చిందని నేనెక్కడా చదవలేదు. విరాటుడి కొలువులో జడ వేసుకుని అమ్మాయికి ఆటపాటలు నేర్పినవాడు అర్జునుడు. అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు ఒళ్ళు విరుచుకున్నవాడు ఉత్తర కుమారుడు. కౌరవసేన కనపడగానే రథం దిగి పరిగెత్తిందెవరో, పరిగెత్తినవాణ్ణి పట్టి తెచ్చి యుద్ధం గెలిచిందెవరో ఈ వయసులో ఆయనకి నేను చెప్పాలా!

అసలు మండింది ఎక్కడో ఇప్పుడు చెబుతాను విను. మా డ్యాన్సర్ అమ్మాయి ఆడుతుంటే, నీ కిందున్న నోరే "వన్స్ మోర్, వన్స్ మోర్" అని అరిచింది. పది రూపాయల నోటు చుట్టి ఆ పిల్ల మొహాన కొట్టినప్పుడు నీ కొస ఒక్కటి కూడా దిగలేదు. తాగొచ్చిన వాడొకడు స్టేజీ ఎక్కి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. సోఫాలో అంతమంది కమిటీ మగాళ్ళు, అందరి మొహాల మీదా నువ్వు, ఒక్కడు లేవలేదు. లేచింది ఎవడు? బుగ్గన కాటుక పులుముకున్న మావాడు. మైకు కింద పెట్టాడు. ఆ తాగుబోతుని నడుం దగ్గర పట్టుకుని పైకెత్తి, సిమెంటు బస్తా దించినట్టు స్టేజీ కింద దించాడు. ఒక్క దెబ్బ వెయ్యలేదు, ఒక్క మాట అనలేదు. తిరిగొచ్చి, చరణం ఎక్కడ ఆగిందో అక్కడ అందుకున్నాడు. శ్రుతి కూడా తప్పలేదు, కీబోర్డు మీద నా వేళ్ళే వణికాయి. అలాంటివాడి కూలి కోశావు నువ్వు, సిగ్గులేకుండా. మగోడు కాదని!

కోపంలో ఏకవచనం దొర్లింది. పెద్దవారు మన్నించాలి. మన్నించకపోయినా పెద్దగా నష్టం లేదు, మిగతా సగం ఎలాగూ కోసేశారు.

నిజం చెప్పాలంటే తమరితో నాకు పుట్టు పగేం లేదు. మా తాతకి ఒకే ఒక్క ఫొటో ఉంది. అందులో చెవులకి పోగులున్నాయి, చేతికి వెండి కడియం ఉంది, వెనక జుట్టు ముడి ఉంది, తమరూ ఉన్నారు. నాగలి పట్టిన మనిషి. ఆయన మొహం మీద తమరు ఎవరినీ బెదిరిస్తున్నట్టు లేరు, పోగులకి చుట్టంలా ఉన్నారు. తొడకొట్టడానికీ, కూలింగ్ గ్లాసులకీ, సైలెన్సర్ పీకేసిన బుల్లెట్ బండికీ విడిగా లేఖలు రాసుకుంటాను. వాళ్ళతో ఈ మధ్య తమరి సావాసం ఎక్కువైంది, అదే వచ్చిన తంటా.

ఒక చిన్న విషయం చెప్పి ముగిస్తాను. మావాడు వచ్చే సీజన్‌కి తమరిని పెంచుతానంటున్నాడు. బుట్టలు తియ్యడట, కాటుక ఇంకాస్త దిట్టంగా పెడతాడట, చొక్కాకి చమ్కీలు కూడా పెంచమని టైలరుకి చెప్పేశాడు. ఆ మొహం మీద వాటి పక్కన సర్దుకుని ఉండగలరేమో ఆలోచించి కబురు పెట్టండి. ఉండలేనంటే మొహమాటం లేకుండా ఇప్పుడే చెప్పెయ్యండి, వాడి దగ్గర బ్లేడుంది. రావాల్సిన డబ్బు మాత్రం దసరా లోపల పంపించమని మీ యజమానికి చెప్పండి. ఫోన్‌పే నంబరు ఆయన దగ్గర ఉంది, అడ్వాన్సు వేసింది దానికే.

ఇట్లు,
సగం కూలి అందిన
కీబోర్డువాడు